చెన్నప్ప కాళ్ళ తిమ్మిరి

“పొద్దున గుమ్మఘట్టలో బస్సెక్కేటప్పుడు ఎడమ కాలు గదప్పా కుంటితివి?” అనంతపురం ఆసుపత్రి వరండాలో అక్కమ్మ మొగుణ్ణి నిలదీసింది.

“రెండూ పీకుతాండాయి. వంతులేసుకున్నాయి,” అన్నాడు చెన్నప్ప, కుడి కాలు కుంటుతూ.

అక్కమ్మకు ఆసుపత్రి వాసనే పడదు. అయినా మొగుడి కాళ్ళు పడిపోతాయేమోనన్న భయంతో, వేరుశనగ చేనులో కలుపు వదిలేసి మరీ వచ్చింది.

డాక్టర్ పద్మప్రియ అడిగిన మొదటి ప్రశ్నకే చెన్నప్ప చేతులెత్తేశాడు. “ఆమెనే అడగండి మేడం. నాకు చెప్పుకునేకి రాదు.”

“ఎంత దూరం నడవగలడమ్మా?”

అక్కమ్మ ముందుకు వంగి, మోచేతులు బల్లమీద ఆనించింది. “ఇంటికాడ్నుంచి చేని గట్టు దాకా. ఆడికి పోయేసరికి పిక్కలు రాళ్ళయితాయి, పాదాలు తిమ్మిరెక్కుతాయి. వంగి కూర్చుంటే తగ్గుతాది. నిటారుగా నిలబడితేనే చావు.”

చెన్నప్ప నోరు తెరుచుకుని విన్నాడు. గుర్తొచ్చి గబుక్కున మూలిగాడు.

“ఎట్లా నడుస్తాడో ఒకసారి నడిచి చూపండి,” అంది డాక్టర్ అక్కమ్మతో.

అక్కమ్మ నడిచింది. మడమల మీద నడిచింది, మునివేళ్ళ మీద నడిచింది, బల్ల మీద పడుకుని కాలెత్తి చూపించింది. డాక్టర్ ఆమె మోకాలి మీద చిన్న సుత్తితో తట్టి, ఆయన కాలు ఎట్లా ఎగరాలో వివరించింది. చెన్నప్ప ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు.

“వెన్నులో నరాలు పోయే దారి ఇరుకైనట్టుంది. స్కాన్ తీస్తేనే ఖాయంగా చెప్పగలను. ఆలస్యం చేస్తే కాళ్ళు చచ్చుబడొచ్చు,” అంది డాక్టర్.

అక్కమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఇప్పుడే తీయండి మేడం.”

“వద్దంటే?” అడిగాడు చెన్నప్ప.

“వద్దంటే ఎవురు వింటారు? కట్టేసైనా పండుకోబెట్టాల్సిందే.”

“మాట మీద ఉంటావు గదా?”

“ఉంటా.”

స్కాన్ గది ముందు టెక్నీషియన్ శశికుమార్, డాక్టర్ రాసిచ్చిన చీటీని చెన్నప్ప చేతిలోంచి అందుకున్నాడు. “లోపలికి ఇనుము, వెండి, బంగారం ఏదీ పోకూడదు.”

అక్కమ్మ ఆలస్యం చేయలేదు. అందరి ముందే మొగుడి పంచె నడుములో చెయ్యి దూర్చి, వెండి మొలతాడు విప్పబోయింది. చక్కిలిగింతలకు చెన్నప్ప మెలికలు తిరిగి, కుంటడం మరిచి రెండడుగులు వెనక్కి గెంతాడు.

“పారిపోతాండావా? పట్టుకోప్పా ఈయప్పను,” అంది అక్కమ్మ.

శశికుమార్ చీటీలో పేరు మళ్ళీ చదువుకున్నాడు.

“అక్కమ్మంటే నువ్వే గదా, కమ్మలు తీయి.”