ఎడారి

తుమ్ము రాకూడని చోట వచ్చింది.

ఆసుపత్రిలో వ్యాయామాల గది గుమ్మం దాటబోతూ అతను గట్టిగా తుమ్మాడు. ఆ వెంటనే తొడల మధ్య వెచ్చగా తడి పాకింది.

చేతిలోని సంచి ముందుకు అడ్డం పెట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు.

"తుమ్మినందుకే ఇంటికెళ్ళిపోతే ఎలా తమ్ముడూ?" లోపలి నుంచి ఎవరో అన్నారు.

గోడవార వరసగా కుర్చీలున్నాయి. చివరి కుర్చీలో, బాత్రూం తలుపు పక్కన, నల్ల ప్యాంటు వేసుకున్న బట్టతల పెద్దాయన ఒకరు కూర్చుని ఉన్నారు. ముఖం నిండా నవ్వే.

"ప్రోస్టేట్ ఆపరేషనేనా? నాకూ అయింది. నాకూ నీలాగే కారేది. మూడు నెలలు ఇక్కడ వ్యాయామాలు చేశా. ఇప్పుడు చుక్క పడితే ఒట్టు! అందుకే వీళ్ళంతా నన్ను ఎడారి అంటారు."

గదిలోని మగవాళ్ళు గొల్లున నవ్వారు. ఈ జబ్బున్నవాళ్ళు నవ్వగలరని అతనికి అప్పుడే తెలిసింది. సంచి అడ్డం తీయకుండానే వచ్చి కూర్చున్నాడు.

అతను బ్యాండు మేళంలో క్లారినెట్ వాయిస్తాడు. క్యాన్సర్ నుంచి బతికి బట్టకట్టాడు గానీ, కట్టిన బట్ట తడవకుండా ఉండే దారే దొరకలేదు. కాస్త గట్టిగా ఊదితే చాలు, కింద కారిపోతోంది. నీళ్ళు తాగడం మానేశాడు. భార్య పక్కన పడుకోవడం మానేశాడు. ఇన్నేళ్ళూ ఇంటికి అన్నం పెట్టిన క్లారినెట్‌ను పెట్టెతో సహా మంచం కిందికి తోసేశాడు.

"నీళ్ళు మానకు," అన్నాడు ఎడారి, అతని గోడంతా విని. "మానితే లోపల మంటెక్కి ఇంకా తొందరపెడుతుంది."

"మరేం చెయ్యమంటారు?"

"పెద్దమనుషుల మధ్య కూర్చున్నప్పుడు గ్యాస్ వచ్చిందనుకో, ఎలా బిగబట్టుకుంటావు? అదీ ఆ కండరం! పొట్ట బిగించకు, పిర్రలు బిగించకు. దాన్నే పట్టు, వదులు. దగ్గేముందు పట్టు. క్లారినెట్ ఊదేముందు పట్టు."

వ్యాయామాలు నేర్పే అమ్మాయి చెప్పేదీ అదే. కానీ ఆ అమ్మాయి చెబితే పాఠంలా ఉండేది. ఎడారి చెబితే నమ్మకం కలిగేది. తగ్గినవాడు కళ్ళెదుట కూర్చుని ఉన్నాడు మరి.

కొన్ని వారాలు గడిచాయి. ఒక దుకాణం ప్రారంభానికి బ్యాండు మాస్టరు కబురు పెట్టాడు. అతను ఆశగా వెళ్ళాడు. పాట పైస్థాయికి చేరేసరికి తెల్ల యూనిఫాం ప్యాంటు ముందంతా తడిసిపోయింది. ముందు వరసలో ఆడవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. డ్రమ్ము కొట్టేవాడు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

"ఇంటిపట్టున ఉండి విశ్రాంతి తీసుకో బావా," అన్నాడు మాస్టరు. "మళ్ళీ నేనే కబురు చేస్తాలే."

ఆ కబురు ఇక రాదని అతనికి అర్థమైంది. రాత్రంతా కుమిలిపోయాడు.

మర్నాడు ఎడారి ఎప్పటిలాగే నవ్వుతూ పలకరించాడు.

"తగ్గిందా తమ్ముడూ?"

"తగ్గింది. పరువు తగ్గింది!"

"కంగారు పడకు. ఇంకొన్నాళ్ళు చేస్తే..."

"ఆపండి! చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా? మీకు తగ్గిపోయింది కాబట్టి ఎన్నైనా చెబుతారు. మునిగేవాడి బాధ గట్టు మీద కూర్చున్నవాడికేం తెలుసు? ఇంకెప్పుడూ నన్ను చూసి నవ్వకండి."

ఎడారి లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేస్తాడేమోనని అందరూ చూశారు. ఆయన లేవలేదు.

"వ్యాయామం మాత్రం మానకు," అన్నాడు కూర్చున్న చోటి నుంచే.

అతను మళ్ళీ ఆ గది గడప తొక్కలేదు. వ్యాయామం మాత్రం మానలేదు. ఆ నవ్వు మీద కసితోనే చేశాడు. నీళ్ళు కడుపారా తాగాడు. ముందు రాత్రిళ్ళు పొడిగా గడిచాయి. తరవాత దగ్గు వచ్చినా ఆగింది. ఒక ఉదయం మంచం కింది పెట్టె బయటికి లాగి, ఒక పాట మొదటి నుంచి చివరిదాకా వాయించాడు.

భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, సిగ్గు విడిచి అతని ప్యాంటు తడిమి చూసింది.

"పొడిగా ఉందండీ!" అంటూ ఏడ్చేసింది.

మాస్టరు మళ్ళీ మేళంలోకి తీసుకున్నాడు. మొదటి ప్రదర్శన అయిన మర్నాడే అతను క్లారినెట్ పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. కాళ్ళు పట్టుకునైనా ఎడారిని క్షమించమని అడగాలి. ఆయన కోరిన పాటల్లా వాయించాలి.

చివరి కుర్చీ ఖాళీగా ఉంది. దాని పక్కన ఒక పెద్దావిడ నిలబడి, సంచిలోంచి డైపర్ల ప్యాకెట్లు తీసి వ్యాయామాలు నేర్పే అమ్మాయికి అందిస్తోంది.

"విప్పనివేనమ్మా. కొనుక్కోలేనివాళ్ళు వస్తే ఇవ్వు."

"ఇక్కడ కూర్చునే పెద్దాయన ఈరోజు రాలేదా?" అని అడిగాడు అతను.

అమ్మాయి తల వంచుకుంది. పెద్దావిడే చెప్పింది.

"పోయారన్నయ్యా. గుండెపోటు. నెల దాటింది. నేను ఆయన భార్యని."

అతను చేతిలోని క్లారినెట్‌ను ఆ ఖాళీ కుర్చీ మీద పెట్టాడు.

"క్షమాపణ అడుగుదామని వచ్చానమ్మా. జబ్బు తగ్గినవాళ్ళకి నా బాధేం తెలుస్తుందని ఆయన్ని నోటికొచ్చినట్టు అన్నాను."

ఆవిడ చేతిలో మిగిలిన ప్యాకెట్ వైపు చూసుకుంది.

"ఆయనకెక్కడ తగ్గిందన్నయ్యా? బిగబట్టే కండరమే తెగిపోయింది, ఏం చేసినా ఇక ఆగదని డాక్టరు మొదట్లోనే చెప్పేశారు. తగ్గినవాడొకడు ఎదురుగా కనిపించకపోతే కొత్తగా వచ్చినవాళ్ళు సగంలోనే మానేస్తారని, పోయేనాటిదాకా ఇవే కట్టుకుని వచ్చి ఇక్కడ నవ్వుతూ కూర్చునేవారు."