తెల్లకోటు

మ్యూరియల్ తెల్లకోటు బొత్తాలు పెడుతోంది. ఆ కోటు తొడుక్కున్న సెడ్రిక్ హాడో మాత్రం పొట్ట పట్టుకుని నిలబడ్డ ఆమె మొగుడి వైపే చూస్తున్నాడు.

లండన్ శివార్లలోని ఆ స్టూడియోలో మ్యూరియల్ దుస్తులు చూస్తుంది. మొగుడు విల్ఫ్ సెట్లకు వడ్రంగి. హాడో యుద్ధకాలం నుంచీ చిన్నాచితకా వేషాలు వేస్తున్నాడు. తెరమీద పాత్ర చిన్నదే గానీ, క్యాంటీన్లో ఆయన టీ పాత్ర పెద్దది.

"విల్ఫ్, ఆ కడుపునొప్పి ఎప్పట్నుంచి?"

"నిన్నట్నుంచండీ. మా ఆవిడ చేసిన పుడింగు మహిమ!"

హాడో అతని పొట్ట కుడివైపు నొక్కి వదిలాడు. విల్ఫ్ కెవ్వుమన్నాడు.

"అపెండిక్స్ పగిలేలా ఉంది. ఇప్పుడే ఆస్పత్రికి పద."

సెట్టు సెట్టంతా పగలబడి నవ్వింది.

"పోయినవారం జడ్జివేషంలో కోర్టులో ఉరేశావు, ఈ వారం కోటేసుకుని కోస్తావా గురూ?" అన్నాడు లైట్ల బర్ట్.

"వేళాకోళం కాదు! నేను డాక్టర్ని!"

ఈసారి చప్పట్లు కొట్టారు.

మ్యూరియల్‌కి ఏమీ పాలుపోలేదు. దొరికినవాళ్లందరి మీదా డైలాగులు వల్లించడం ఈయనకు అలవాటు. మొన్న క్యాంటీన్ పిల్లకి యావజ్జీవం వేశాడు. మరి ఇప్పుడో? ముఖం చూస్తే నిజం చెబుతున్నట్టే ఉంది. కానీ నిజంలా కనబడటానికేగా ఆ ముఖానికి స్టూడియో జీతం ఇస్తోంది!

ఎటూ తేలక, స్క్రిప్టు చూసుకునే పెగ్గీ దగ్గరికి పరుగెత్తింది.

పెగ్గీ కాగితాలు తిప్పింది. "ఇదిగో! 'నేను డాక్టర్ని. ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లండి.' మధ్యాహ్నం తీసే సీనే. నీ మొగుడి మీద సాధన చేస్తున్నాడే పిచ్చిదానా!"

మ్యూరియల్ గుండె కుదుటపడింది. పొట్టమీద పెట్టుకోమని వేడినీళ్ల సీసా ఇచ్చి మొగుణ్ణి ఇంటికి పంపింది.

హాడో గేటుదాకా వెంటపడ్డాడు. "అమ్మా, నీకు దణ్ణం పెడతాను, నా మాట విను!"

"అబ్బ, చాలా బాగా చేస్తున్నారు. ఇక మా ఆయన్ని వదిలెయ్యండి."

మర్నాడు ఆస్పత్రిలో పెద్ద సర్జన్ బయటికొచ్చి, ఆమెకేసి చూడలేక తల దించుకున్నాడు.

"నిన్ననే తెచ్చుంటే దక్కేవాడమ్మా. ఎవరూ చెప్పలేదా?"

"చెప్పాడండీ... సినిమా యాక్టరు. సెడ్రిక్ హాడో అని. డాక్టరు వేషంలో ఉంటేనూ..."

ఆ పేరు వినగానే సర్జన్ తలెత్తాడు.

"బాంబు దాడిలో చెయ్యి పాడై హాడోగారు కత్తి వదిలేశారమ్మా. నాకు ఈ ఆపరేషన్ నేర్పింది ఆయనే."