తేలే నీళ్లు

ఆ ఉదయం ఆకాశంలో ఒకే ఒక మబ్బు ఉంది. దీవిని ఆనుకున్న సముద్రపు మడుగు పచ్చదనం దాని అడుగున పడి మెరుస్తోంది. అలా మెరిసేది పలచటి మబ్బు. అది కురవదు.

ఆ దీవిలో వాన పడి తొమ్మిది నెలలైంది.

తీరానికి దూరంగా ఓడ ఆగి ఉంది. ఎల్లుండి సాయంత్రానికి మంచినీళ్లు దొరక్కపోతే ఊరు ఊరంతా దాన్లో ఎక్కి రాజధాని దీవికి పోవాలి. మంత్రివర్గం తీర్మానం అది.

"మావాళ్లని పాతిపెట్టుకున్న నేల ఇది. నేను కదల్ను," అంది నెయ్ రోతియా. ఆ ఊరికి పెద్దదిక్కు ఆవిడ.

"ఎవరూ కదలక్కర్లేదమ్మా, మిషను తెచ్చాను," అన్నాడు ప్రజాపనుల మంత్రి తెబానో, చొక్కా చేతులు మడుస్తూ. మంత్రి కాకముందు ఇరవై ఏళ్లు సరుకు ఓడల మీద తాళ్లు లాగినవాడు.

డీజిలు పంపు ఊరబావిలో దిగింది. లావుపాటి ధారగా నీళ్లు పడ్డాయి. పిల్లలు కేరింతలు కొడుతూ తడిశారు. ఎవరో మంత్రి తలకి పూలదండ చుట్టారు.

మధ్యాహ్నానికి ఆ నీళ్లు నోట పెట్టుకునేలా లేవు. ఉప్పు.

తెబానో బావి పక్కన కూలబడ్డాడు. దండ ఇంకా తలమీదే ఉంది.

"ఒక్కచోటే పడి లాగితే అంతే బాబూ," అని వినపడింది.

కొబ్బరిచెట్టు దిగుతున్నాడో పెద్దాయన. మొలలో కత్తి, చేతిలో కల్లు చిప్ప.

"మన మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతుంటాయి, కొబ్బరినూనె తేలినట్టు. గట్టిగా పీల్చావా, కిందది పైకొచ్చేస్తుంది."

"మరేం చెయ్యమంటావు?"

"దీవి నడిమధ్యన పొడుగ్గా కాలవ తవ్వాలి. లోతు వద్దు. నీళ్లు తగలగానే ఆగిపోవాలి. గులకరాళ్లు నింపి, చేతిపంపుతో మెల్లగా తోడుకోవాలి. ఎక్కడన్నది నేను చూపిస్తా. ఊళ్లో కుర్రాళ్లంతా ఓడ పనులకి పోయారు, తవ్వే మనుషులే లేరు."

"మనుషుల సంగతి నాకొదిలెయ్!"

గంటలో ఓడ మీది ముప్పైమంది నావికులు పారలతో దిగారు. మంత్రి చొక్కా విప్పి తనూ దిగాడు. పెద్దాయన పక్కనే తవ్వసాగాడు. ఆయన పేరు మంత్రి అడగలేదు. వయసులో పెద్దవాళ్లని నీ పేరేంటని అడగడం అక్కడ మర్యాద కాదు.

"నువ్వయ్యా మనిషివంటే," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "చేతులు కాయలు కాసినవాడికే దేశం సంగతి తెలుస్తుంది. రాజధానిలో కళ్లజోళ్ల మంద ఒకటుండేది. మంత్రినైన వారానికే నలుగుర్ని ఇంటికి పంపేశా."

"ఔనా."

"వాళ్లకి పెద్ద, డాక్టరు బరనీకో అట. నీళ్ల మీద నాలుగొందల పేజీలు రాశాడు. మొహం కూడా చూళ్లేదు నేను. సంతకం గీకి పారేశా."

పెద్దాయన పార ఆగింది.

"నాలుగొందలా! అది మాత్రం తప్పే."

"అంత ఎవడు చదువుతాడు చెప్పు?"

"అదే నేననేది. తవ్వేవాడికి నాలుగు ముక్కల్లో చెప్పాలి."

ఇసక బుట్టలు మోస్తున్న ఆడవాళ్లు మొహాలు పక్కకి తిప్పుకున్నారు.

మూడోరోజు మధ్యాహ్నం చేతిపంపు బిగించారు. సముద్రం నిండు పోటు మీద ఉండేదాకా పెద్దాయన ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఉప్పు తేలితే అప్పుడే తేలుతుందన్నాడు.

నెయ్ రోతియా చిప్పెడు నీళ్లు నోట్లో పోసుకుంది. ఊరంతా ఆవిడ గొంతు వంకే చూసింది.

ఆవిడ మింగింది. ఇంకో చిప్ప పట్టి, చంకలో ఉన్న మనవరాలికి తాగించింది.

సాయంత్రం ఓడ ఖాళీగా కూత వేసుకుంటూ పోయింది. మంత్రి వెళ్లలేదు. తర్వాతి పడవకి వస్తానని కబురంపాడు.

తెబానో పెద్దాయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఊరు నిలబెట్టావు. నాతో రాజధానికి రా. నీళ్ల శాఖ మొత్తం నీ చేతిలో పెడతా."

"ఆ కుర్చీ నా నడుముకి పడదులే బాబూ," అని నవ్వాడాయన. "అయినా నువ్వు ముప్పైమందిని దించకపోతే నా మాట ఇంకా నా నోట్లోనే ఉండేది. దండం నేను పెట్టాలి నీకు."

పొద్దు వాలుతుండగా ఊరి సభాశాలలో చాపలు పరిచారు. ఎవరి కుటుంబం చోటులో వాళ్లు కూర్చున్నారు. పెద్దాయన తన చోటు వదిలి, మంత్రి పిలిస్తే వచ్చి పక్కన కూర్చున్నాడు.

అతిథి తల వంగే మాట ఆ దీవిలో ఎవరూ అనరు. అయితే ముద్ద ఎత్తేముందు, మేలు చేసినవాడి పేరు పలక్కుండా కూడా ఉండరు.

నెయ్ రోతియా లేచింది. మంత్రి మొహం చూసి ఒక్క క్షణం తటపటాయించింది.

"మనుషుల్ని దించి, తనూ పార పట్టిన తెబానోకి ఈ ఊరి దండాలు. ఎక్కడ తవ్వాలో చూపించిన మా బరనీకోకి ఈ ఊరి దండాలు."

తెబానో తల తిప్పి చూశాడు. పెద్దాయన వంచిన తల ఎత్తకుండా కాల్చిన చేపకి ముళ్లు ఏరుతున్నాడు.

మొహమైనా చూడకుండా తను ఇంటికి పంపేసిన ఆ డాక్టరు, ముళ్లు తీసిన చేపముక్క తన ఆకులో పెడితే, మంత్రి దాన్ని రెండు చేతులా అందుకుని తిన్నాడు. పక్కనే ఆయనా తిన్నాడు.