గుండు బావగారు

"నా జుట్టు మీద చెయ్యి వేశావంటే ఊరుకోను!"

అమ్మ కుర్చీలోంచి లేచి, జుట్టు తీసే మిషన్ పట్టుకున్న నర్సును ఒక్క తోపు తోసింది.

కూతురికి తల కొట్టేసినట్లయింది.

ఎన్నో నెలలు ఆసుపత్రుల చుట్టూ తిరిగితే దొరికిన అవకాశం ఇది. మతిమరుపు జబ్బుకు కొత్త వైద్యం. కోత లేదు, కుట్టు లేదు. టోపీలాంటి యంత్రంలో తల పెడితే, చెవికి వినబడని శబ్ద తరంగాలు పుర్రె దాటి వెళ్ళి, మెదడు చుట్టూ ఉండే కంచెను కాసేపు తెరుస్తాయి. ఆ సందులోంచి మందు లోపలికి పోతుంది.

కాకపోతే తల నున్నగా ఉండాలి. వెంట్రుకలుంటే తరంగాలు సరిగా దిగవు.

"నా తల్లివి కదూ, కూర్చో అమ్మా."

"నాకు చెప్పడానికి అసలు నువ్వెవరు?"

ఆ మాట కూతురికి కొత్త కాదు. అయినా విన్నప్పుడల్లా గుండెలో కలుక్కుమంటుంది.

అంతలో ఒక ముసలాయన తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. నున్నటి గుండు. చొక్కాకి ఒక గుండీ పెట్టాల్సిన చోట ఇంకోటి పెట్టుకున్నాడు.

తిన్నగా వచ్చి కుర్చీలో కూర్చుని, తల నిమురుకున్నాడు.

"కానివ్వమ్మా, నాకు బాగా పెరిగిపోయింది."

నర్సు నవ్వింది. "అలాగే తాతయ్యా" అంటూ మిషన్‌ను ఆయన తలమీద ఉత్తుత్తినే తిప్పింది.

"ఏమిటండీ ఇది? ఇప్పుడు మా వంతు!" కూతురు విసుక్కుంది.

అమ్మ మాత్రం ఆయన్ని రెప్ప వేయకుండా చూసింది. చూసి చూసి పకపకా నవ్వింది.

"బావగారూ! ఇదేం అవతారమండీ?"

"ఆయన మన బావగారు కాదమ్మా, ఎవరో."

"పోనీలే తల్లీ, అయ్యుంటానేమో. నాకు మాత్రం ఏం గుర్తుంది గనక!" అన్నాడాయన.

అమ్మకి నవ్వు ఆగలేదు. "లేవండి లేవండి, తమరి సింగారం చాలు" అని ఆయన్ని లేపి మరీ కూర్చుంది.

పాయలు పాయలుగా జుట్టు రాలుతుంటే, ఆయన స్టూలు లాక్కుని పక్కనే చేరాడు.

"తల చుట్టూ చన్నీళ్ళ తిత్తి కడతారు. చలేస్తుంది, అంతే. తర్వాత టకటకా చప్పుడు. కంగారుపడి లేవకు. కళ్ళు మూసుకుని ఇష్టమైనవాళ్ళ మొహం తలుచుకో. భయం లేదు మరదలా."

చెప్పిందే మళ్ళీ చెప్పాడు. మూడోసారి కూడా మొదలుపెట్టాడు.

కూతురికి ముందురోజు నుంచి కంటిమీద కునుకు లేదు. ఒళ్ళు మండిపోయింది.

"చాలండీ బాబూ! వచ్చినవాళ్ళందరి బుర్రా ఇలాగే తింటారా? కాస్త అవతలికి వెళ్ళండి."

ఆయన మొహం చిన్నబోయింది. నర్సు ఏదో చెప్పబోయింది. ఈలోగా ఒక పెద్దావిడ గబగబా వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఇక్కడున్నారా! ఏమనుకోకమ్మా, మావారు" అని తీసుకుపోయింది.

అమ్మను యంత్రం గదిలోకి తీసుకువెళ్ళారు. అద్దానికి ఇవతల కూతురు గోళ్ళు కొరుక్కుంటూ నిలబడింది. ఎక్కడ లేచి కేకలు పెడుతుందోనని ఆమె భయం. అమ్మ మాత్రం కళ్ళు మూసుకుని, ఎవర్నో తలుచుకుంటున్నట్లు ప్రశాంతంగా పడుకుంది.

బయటికి వచ్చాక, "చలేసిందే, అంతే" అంది.

విడతలు విడతలుగా వైద్యం సాగింది.

"పోయినవన్నీ తిరిగి రావు. ఉన్నవి జారిపోకుండా నిలబడితే అదే పదివేలు" అని డాక్టరమ్మ ముందే చెప్పింది.

సొంత ఇంట్లో స్నానాలగది ఎటో తెలియక ఏడ్చిన మనిషి, తనంతట తాను వెళ్ళి రావడం మొదలుపెట్టింది. ఒక పొద్దున తల దువ్వుకుంటున్న కూతురి చేతిలోంచి దువ్వెన లాక్కుంది.

"అలా లాగితే ఉన్నది కాస్తా ఊడుతుందే, పిచ్చి మొద్దూ! ఇటు తిరుగు."

కూతురు ఆమె ముందు చతికిలబడి, జడ వేయించుకుంటూ కళ్ళు తుడుచుకుంది.

ఆఖరి విడత నాడు ఆసుపత్రి వరండాలో ఆయన కనిపించాడు. చక్రాల కుర్చీలో ఉన్నాడు. భార్య చెంచాతో నీళ్ళు పడుతోంది.

కూతురు వెళ్ళి ఆయన ముందు వంగింది. "ఆ రోజు నోరు జారాను తాతయ్యా. తప్పయిపోయింది."

ఆయన ఆమె భుజం మీదుగా ఎటో చూస్తూ ఉండిపోయాడు.

"మాట ఆగిపోయిందమ్మా. మనుషుల్ని పోల్చుకోవడం లేదు. నన్ను కూడా" అందావిడ.

"మా అమ్మకి ఇంత గుణం ఇచ్చిందే! ఈయనకెందుకు పట్టలేదండీ ఈ వైద్యం?"

"ఈయనకి వైద్యం ఎక్కడ చేశారమ్మా?" ఆవిడ రుమాలుతో ఆయన మూతి తుడిచింది. "ఒట్టి తరంగాలే పంపారు, మందు ఎక్కించలేదు. మీకేమీ ఒరగదని డాక్టర్లు ముందే చెప్పారు. వద్దంటే వద్దని నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. 'నాకింకా తెలివి ఉంది, ఉండగానే ఒప్పుకోనీ' అన్నారు."

"మరి తర్వాతైనా మందు ఇవ్వచ్చుగా?"

"వైద్యం ఖాయమయ్యేసరికి ఈయన జబ్బు ముదిరిపోయింది. ముదిరినవాళ్ళకి ఇవ్వరట. అయినా ఇక్కడికి పరీక్షలకి వచ్చినప్పుడల్లా గుండు కొట్టించుకునేవారు."

ఆవిడ భర్త చొక్కా గుండీలు సరిచేస్తూ, ఎవరి గురించో చెప్పుకుంటున్నట్లు మెల్లగా అంది.

"మనిషి తలలో ఆ కంచె తెరిస్తే మళ్ళీ మూసుకుంటుందో లేదో ఏ డాక్టరూ చెప్పలేని రోజున, అందరికంటే ముందు వెళ్ళి ఆ యంత్రంలో పడుకున్నది ఈయనేనమ్మా."