నా ఇంట్లో ఉన్నంతకాలం

గ్లెన్ తన ఫోను తీసి భోజనాల బల్ల మీద విసిరాడు. అది జారుకుంటూ వెళ్ళి రోస్లిన్ కంచానికి తగిలి ఆగింది.

"ఏమిటమ్మా ఇది?"

వొలొంగాంగ్ యూనివర్సిటీ విద్యార్థులెవరో పెట్టిన ఫొటో. పచ్చిక మీద వంద మంది. ముందు వరసలో రోస్లిన్. భుజాల మీద గులాబీ, ఊదా, నీలం చారల జెండా. పక్కనే ఊదారంగు జుట్టుతో ఇంకొకతె, రోస్లిన్ బుగ్గ మీద ముద్దు పెడుతోంది.

"బాగానే పడ్డాను కదా," అంది రోస్లిన్.

గ్లెన్‌కి ఒళ్ళు మండింది. నిన్న ఉక్కు ఫ్యాక్టరీ క్యాంటీన్లో ఇదే ఫొటో చేతులు మారింది. "ఏంరా గ్లెన్, ఈ సుందరాంగి మీ రోస్లిన్ కదూ?" అన్నాడు క్రేన్ నడిపే వేన్. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పొలమారేలా నవ్వారు. గ్లెన్ వాళ్ళందరికీ ఫోర్‌మన్. ఇన్నేళ్ళలో అతన్ని చూసి అలా నవ్వినవాడు లేడు.

"ఆ జెండా ఏమిటి?"

"బైసెక్సువల్ వాళ్ళది. అంటే నాది."

"అంటే?"

"ఆడైనా, మగైనా... మనసు పడితే పడుతుంది నాన్నా. అంతే."

"రెండు పడవల మీద కాళ్ళన్నమాట!" గ్లెన్ భార్య వైపు తిరిగాడు. "విన్నావా నెరెల్? పళ్ళ కొట్టుకి వెళ్ళినట్టుంది. ఆపిలా, బత్తాయా అంటే రెండూ సంచీలో వెయ్యమంటోంది!"

నెరెల్ బంగాళాదుంపల గిన్నె ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇంట్లో గొడవ జరిగినప్పుడల్లా ఆమెకి తోమాల్సిన గిన్నెలు దొరుకుతాయి.

"చదువు చదువని ప్రాణం తీస్తే సరేనన్నాను. చరిత్ర చదివి ఎవర్ని ఉద్ధరిస్తావు, ఉద్యోగం ఎవడిస్తాడు అని అడగాలనిపించినా నోరు మూసుకున్నాను. మొదటి ఏడాదైనా కాలేదు. అప్పుడే ఇదా నేర్చుకున్నది? నీ వయసేమిటి, నువ్వు వేసే వేషాలేమిటి?"

"వేషం కాదు నాన్నా. ఎప్పట్నుంచో ఉన్నదే. దానికో పేరుందని ఇప్పుడు తెలిసింది."

"అక్కడ అడుగుపెట్టిన ప్రతివాళ్ళకీ ఏదో ఒక పేరు తగిలిస్తారు. అదో ఫ్యాషను. ఈ వయసులో బుర్రకి ఏది తోస్తే అదే నిజమనిపిస్తుంది. సోమవారం డాక్టరు దగ్గరికి పోదాం."

"డాక్టరేం చేస్తాడు? నాలిక చాపమంటాడా?" రోస్లిన్ నవ్వింది.

ఆ నవ్వే గ్లెన్‌కి గిట్టదు. పోయిన నెల కారు తీసుకెళ్ళి గేటు స్తంభానికి రాసినప్పుడూ ఇలాగే నవ్వింది. అప్పటికప్పుడే తాళాలు లాక్కుని తన బీరువాలో పెట్టాడు. అయినా లెక్క లేదు. పుస్తకాల సంచీ భుజాన వేసుకుని బస్సెక్కి పోతుంది. మొన్నొకరోజు బూట్ల నిండా ఇసుకతో ఇంటికొచ్చింది. ఎక్కడ తిరిగావంటే, సముద్రం ఒడ్డున కూర్చుని పరీక్షకి చదువుకున్నామంది.

"ఎవత్తె, ఆ ఊదా జుట్టుది?"

"యోలాండా. నా క్లాసే. రోము గురించి నేను రాసిందంతా తప్పుల తడకని నలుగురిలో దులిపేసింది. ఆరోజే పడిపోయాను."

"పడిపోయావు!" గ్లెన్ పెదవి విరిచాడు. "తిట్టించుకుని పడిపోయావు. మాకు చెప్పుంటే మేమూ తిట్టేవాళ్ళంగా!"

కాసేపు ఫోర్కుతో మాంసం ముక్కను పొడిచాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"మరి ఇదివరకు ప్రేమించింది? అదంతా నాటకమేనా?"

ఈ ఒక్క మాటలో వెటకారం లేదు. రోస్లిన్ చెయ్యి చాచి అతని మణికట్టు పట్టుకుంది.

"కాదు నాన్నా. అదీ నిజం, ఇదీ నిజం. నువ్వు చూశావుగా."

గ్లెన్ చెయ్యి విదిలించుకున్నాడు. తన మీద జాలి పడమని ఆమెని ఎవరడిగారు?

"చూడమ్మా, చివరిసారి చెప్తున్నాను. నా ఇంట్లో ఉన్నంతకాలం నా మాట వినాలి. యూనివర్సిటీ మానెయ్. దానికి ఫోను చెయ్యకు. బయటికి వెళ్ళాలంటే నెరెల్ తోడొస్తుంది. ఇష్టం లేకపోతే గుమ్మం అటుంది."

ఇలా గదమాయిస్తే ఏడుస్తుందని అతను అనుకున్నాడు. రోస్లిన్ మూతి తుడుచుకుని లేచింది. కంచం వంటింట్లో పెట్టి నెరెల్‌తో ఏదో అంది. నెరెల్ సబ్బు చేతులతోనే ఆమెను కావలించుకుంది. తర్వాత రోస్లిన్ తన గదిలోకి వెళ్ళి ఎవరికో ఫోను చేసింది. అరగంటలో పుస్తకాల సంచీతో, ఒక చిన్న పెట్టెతో బయటికొచ్చింది.

"ఎక్కడికి?"

"యోలాండా వాళ్ళింట్లో గది ఖాళీగా ఉంది. నాతో కలిసి ముగ్గురం. వంట వంతులవారీగా."

"రెండే రెండు రోజులు! తర్వాత నువ్వే వచ్చి ఈ గుమ్మం ముందు నిలబడతావు."

"గురువారం పరీక్ష నాన్నా. శుక్రవారం వస్తాను, నిన్ను చూడ్డానికి. తలుపు తియ్యడం నీ ఇష్టం."

వీధిలో హారన్ మోగింది. సొట్టలు పడ్డ తెల్ల వ్యాను, స్టీరింగు వెనక ఊదారంగు జుట్టు. రోస్లిన్ ఎక్కి కూర్చుంది. వ్యాను మలుపు తిరిగి సముద్రం వైపు దిగిపోయింది.

గ్లెన్ వాకిట్లోనే నిలబడి పెర్త్‌లో ఉన్న తమ్ముడికి ఫోను కలిపాడు.

"ఒరేయ్, మనల్ని కన్నతల్లి డెబ్బై మూడేళ్ళ వయసులో ఇంట్లోంచి లేచిపోయిందిరా!"