మొదటి ఆదివారం మెకానిక్

వంటింట్లో ఢామ్మని శబ్దం వచ్చింది.

లైబ్రేరియన్ చేతిలోని గరిటె జారి కింద పడింది. ఆ అద్దె ఇంట్లో ఆమె దిగి అప్పటికి మూడు రోజులే. తిరిగి చూస్తే ఎవరూ లేరు. మూలనున్న పాత ఫ్రిజ్ ఒకసారి ఒళ్లంతా వణికి, మళ్లీ గుర్రుమంటూ పనిలో పడింది.

ఇంటి ఓనరు ఎవరో ఆమె చూడలేదు. ఓనరు కూతురు వేరే ఊళ్లో ఉంటుంది. ఫోన్లో అన్నీ మాట్లాడింది ఆమే. ఫ్రిజ్ ఇంట్లోనే ఉంటుంది, వాడుకోండి అన్నదీ ఆమే. లైబ్రేరియన్ ఆమెకే ఫోన్ చేసింది.

"మీ ఫ్రిజ్ నా గుండె ఆపేసేలా ఉందండీ!"

"శబ్దమేనా? నాన్నకి చెబుతాను. ఆయన చూసుకుంటారు."

మర్నాడు ఆదివారం. తెల్లమీసాల పెద్దాయన ఒకాయన గుడ్డసంచీతో వచ్చి గంట కొట్టాడు.

"ఫ్రిజ్ చూడ్డానికి వచ్చానమ్మా."

"చెప్పులు బయట విప్పండి. వంటిల్లు..."

ఎటో ఆమె చెప్పేలోపే ఆయన అటు నడిచాడు. మెకానిక్‌లకు వాసన తెలుస్తుంది కాబోలు అనుకుంది. ఎందుకైనా మంచిదని పడగ్గది తలుపు దగ్గరగా వేసింది.

ఆయన ఫ్రిజ్‌ను ముందుకు జరిపి, వెనక జాలీకి పట్టిన దుమ్ము బ్రష్‌తో దులిపాడు. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగి చూశాడు. రాలేదు.

"రబ్బరు గట్టిగానే ఉంది."

కింద కాలు ఒకటి ఎత్తుగా ఉంటే తిప్పి సరిచేశాడు. శబ్దం సగానికి సగం తగ్గింది.

"మళ్లీ రావాల్సి ఉంటుందా?"

ఆయన ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేశాడు.

"పాతది కదమ్మాయ్. నెలకోసారి చూస్తుంటే మంచిది."

యాభై దాటిన ఆమెను అమ్మాయ్ అని పిలిచేవాళ్లు ఈ లోకంలో ఎవరూ మిగల్లేదు. అందుకే కాదనలేకపోయింది.

అప్పటినుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం వచ్చేవాడు. గడ్డకట్టిన మంచు కరిగించేవాడు, అరలు తీసి కడిగేవాడు. పది నిమిషాల పనికి గంట చేసేవాడు. పని తక్కువ, హంగామా ఎక్కువ అని ఆమె లోపల విసుక్కునేది. టీ ఇస్తే వంటింట్లోనే నిలబడి తాగేవాడు. హాల్లో కూర్చోమన్నా వచ్చేవాడు కాదు.

ఆ ఏడాదే ఆమెకు షుగర్ ముదిరింది. డాక్టరు ఇన్సులిన్ రాసింది. ఆ సీసాలు ఎప్పుడూ చల్లగా ఉండాలంది.

అప్పుడు పట్టుకుంది భయం. నెలనెలా మెకానిక్ వచ్చే ఫ్రిజ్‌ను నమ్మి మందులు ఎలా పెట్టడం?

"బాబాయ్, నిజం చెప్పండి. ఇదింకా ఎన్నాళ్లు పనిచేస్తుంది?"

"నిక్షేపంలా పనిచేస్తుంది."

"మరి నెలనెలా ఈ రిపేర్లెందుకు?"

ఆయన తడిగుడ్డ పిండి, తుడిచిన అరనే మళ్లీ తుడిచాడు. ఆమె అనుమానం కాస్తా రూఢి అయింది.

ఓనరు కూతురికి ఫోన్ చేసింది. దీన్ని తీయించేస్తాను, నా డబ్బుతో కొత్తది కొనుక్కుంటాను అంది.

"నాన్నని అడిగి చెబుతాను."

మర్నాడే జవాబు వచ్చింది.

"సరేనన్నారు. ఆవిడ మందుల కంటే ఫ్రిజ్ ఎక్కువ కాదన్నారండీ."

ముఖం తెలియని మనిషి, ఎంత మంచివాడో అనుకుంది. ఈ మెకానికే, పని పోతుందని అసలు సంగతి దాచాడు.

ఆ నెల ఆయన వచ్చినప్పుడు చెప్పింది.

"రేపు పాత సామాన్లవాడు పట్టుకెళ్తాడు బాబాయ్. మీకు కావాలంటే తీసుకోండి."

"నాది చిన్న గదమ్మాయ్. పట్టదు."

అని ఎప్పటిలాగే బ్రష్ తీశాడు.

"పారేసేదానికి ఇంకా ఎందుకు?"

"పంపేటప్పుడైనా శుభ్రంగా పంపాలి కదా."

ఆ రోజు రెండు గంటలు పట్టింది. టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

కొత్త ఫ్రిజ్ వచ్చింది. వణకదు, గుర్రుమనదు. తలుపు మీద నీలంగా అంకెలు వెలుగుతాయి. మొదటి ఆదివారాలు వస్తున్నాయి, పోతున్నాయి. గంట కొట్టేవాళ్లు లేరు. ఆ ఇంట్లో ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించడం మొదలైంది.

పద్నాలుగో నెలలో నీలం అంకెలు ఆరిపోయాయి. లోపల చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. ఆమె సీసాలు తడిగుడ్డలో చుట్టుకుని మందుల షాపుకు పరిగెత్తింది. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కమంది, తర్వాత మూడు నొక్కమంది. నాలుగో రోజుకు మనిషి వచ్చాడు. ఫ్రిజ్‌ను జరపనైనా లేదు.

"బోర్డు పోయింది మేడమ్. ఈ మోడల్‌కి బోర్డులు రావట్లేదు. కొత్తది తీసుకోండి."

"బాగుచెయ్యలేరా?"

"వీటిలో బాగుచేసేదేం ఉండదు మేడమ్. మార్చడమే."

అతను వెళ్లగానే ఆమె ఓనరు కూతురికి ఫోన్ చేసింది. ఫ్రిజ్ కోసమో, అమ్మాయ్ అన్న పిలుపు కోసమో ఆమెకే తెలియలేదు.

"మీరు ఇదివరకు పంపేవారే, ఆ మెకానిక్‌ని ఒక్కసారి పంపిస్తారా?"

"ఏ మెకానిక్ అండీ?"

"అదే, తెల్లమీసాలు, గుడ్డసంచీ. పాత ఫ్రిజ్‌కి నెలనెలా రిపేరు చేసేవారు."



"ఆ ఫ్రిజ్ మా అమ్మ కొనుక్కున్నదండీ. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా చెడిపోలేదు."

"మరి ఆ బాబాయ్?"

"మీకు తెలుసనే అనుకున్నాను. అమ్మ పోయాక ఆ ఇంట్లో ఒక్కరే ఉండలేకపోయారు, అలాగని వదల్లేకపోయారు. పోయిన నెలే ఆయనా వెళ్లిపోయారు. రిపేరు వంక పెట్టుకుని అమ్మ వంటింట్లో నెలకో గంట నిలబడి వెళ్లింది మా నాన్నండీ."