మందు పాలు

రక్తం నాళాల్లోనే గడ్డకట్టే జబ్బుతో అతని భార్య పోయింది. అతను పరిశోధనశాల పాకలో మేకల పాలు పితికేవాడు. ఆమెలో చెడిపోయిన జన్యువు అతనిలో బాగుందని, ఆమె ఉండగానే దాన్ని అతని రక్తంలోంచి తీసి మేకల్లో కలిపారు. వాటి పాలలోంచి మందు వస్తుందన్నారు. వచ్చింది, ఆమె పోయిన ఏడాదికి. ఎందరి ఇళ్లలోనో దీపం నిలబెట్టిన ఆ పాలు అతని ఇంటికి మాత్రం అక్కరకు రాలేదు.

ఒక రాత్రి పాకలో ఒక మేక ఈత నొప్పులు పడుతుంటే, కొత్తగా చేరిన పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేశాడు.

“బయల్దేరానండీ. మీ పక్కన ఆవిడెవరు?”

“నేనూ మేకలూ తప్ప ఎవరున్నారమ్మా ఇక్కడ?”

“ఎవరో ఆడమనిషి ‘ఏమండీ, ఏమండీ’ అని పిలుస్తోందే!”

అతను వెనక్కి తిరిగాడు. నొప్పులు పడుతున్న మేక కూడా అరుపు ఆపేసింది. మేకలన్నీ నెమరు మాని ఒకే మూలకేసి చూస్తున్నాయి. ఆ మూల గడ్డి తప్ప ఏమీ లేదు. ఎంత చెవి ఒగ్గినా అతనికి ఏమీ వినబడలేదు.

“ఏమంటోందమ్మా?” అడిగాడు.

డాక్టరమ్మ కాసేపు విని చెప్పింది.

“మందొచ్చిందా అని అడుగుతోందండీ.”